రెండో పక్క మొదటి పాట

సిద్దిపేట, పందొమ్మిది వందల తొంభై నాలుగు, కార్తీకమాసం. పొద్దు వాలుతున్న వేళ పాటగాడు భూపతి ఇంటి ముందుగదిలో, అతని భార్య భారతమ్మ టేప్‌రికార్డరు ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది.

"మల్ల ఎనుకకు తిప్పుతున్నవా?"

"తిప్పుతున్న."

"రీలు తెగుతది భారతీ. పొద్దుగాల్టి సంది గదొక్క పాటనేనాయె. మొదటి పక్క పెట్టు. మూడో పాటల శ్రీనివాసు గిటారు చూడు. గసుంటి సప్పుడు సిద్దిపేటల ఎవలన్న ఇన్నరా ఇప్పటిదాక?"

"మొదటి పక్క ఇన్న. నీ పాటలు నాకు కొత్తనా? కట్టుకుంట కట్టుకుంట పొయ్యి కాడికొచ్చి ఇనిపిస్తనే ఉంటివి. గిటారొచ్చింది, డ్రమ్ములొచ్చినయి. మంచిగనే ఉంది."

"మంచిగుందా? నిజంగనా? చాయ్ హోటల్ కాడ అందరు నవ్వుతున్నరే. పాతికేండ్లు డప్పు మీద పాడినోనికి ముసలితనంల కరెంటు గిటారు పిచ్చి పట్టిందంటున్నరు. దీన్ని ఇంగ్లీషుల రాకు పాట అంటరని శ్రీనివాసు చెప్తె, 'జనాన్ని రాకు రాకు అంటె రేపు క్యాసెట్ విడుదలకు గ్రౌండుకు ఎవలొస్తరన్నా' అంటున్నరు."

"నవ్వేటోళ్లు నవ్వుతరు. అట్ట మీద నల్లద్దాలు పెట్టుకోని ఫొటో దిగితె నవ్వరా? పాట మంచిగుంది. 'దుబ్బదారి' అని పేరు గూడ మంచిగ పెట్టినవు. ఇప్పుడు రెండో పక్క మొదటి పాట సంగతి చెప్పు."

"దాని సంగతేంది?"

"పాడింది ఎవలు?"

"ఏ పాటల?"

"ఏ పాటల అని నన్నే అడుగుతున్నవా? క్యాసెట్ మొత్తం నీ గొంతే. ఈ ఒక్క పాట కాడ నువ్వు లేవు. ఒక ఆడామె ఉంది. ఎవలామె?"

"ఓ, గామెనా."

"గామెనే."

"చాయ్ పెట్టరాదు కొంచెం."

"పాలు లెవ్వు. ఎవలు?"

"స్టూడియోల పాడేటోళ్లు ఉంటరు భారతీ. పట్నంల. మనం పాట చెప్తం, వాళ్లు పాడిపోతరు. ఒక పిల్ల వచ్చింది, పాడింది, పోయింది."

"పేరు?"

"రజితనో ఏందో."

"ఏందోనా? ఎన్నడో చంద్లాపూర్ జాతరల కంజిర కొట్టినోని పేరు ఇయ్యాల్టికీ చెప్తవు. నీ సొంత క్యాసెట్ల పాడిన పిల్ల పేరు ఏందోనా?"

"నేను పాట చూస్కుంటనా, పేర్లు అడుగుకుంట కూసుంటనా?"

"ఎంతుంటది?"

"ఏమెంత?"

"వయసు."

"కాలేజీ పిల్ల. ఇరువై ఉంటయేమో."

"ఊ."

"ఊ అంటవేంది?"

"ఇరువై ఏండ్ల పట్నం పిల్లకు ఈ పాట ఎట్లొచ్చింది?"

"జనం పాట గదా. ఎవలకన్న వస్తది."

"ఏ జనం? ఇను మల్ల. 'ఎనుకకెనుకకు జరిగేటి చెల్లె, ఎదురంత పచ్చబడె సూడే.' ఇది మా అవ్వ కట్టిన పాట. నాట్లేసుకుంట కట్టింది. నేను ఒడ్డు మీద కూసోని ఇన్న చిన్నప్పుడు. ఈ పాట మిరుదొడ్డి దాటలే. నన్ను చేసుకున్నంక నా నోట నువ్విన్నవు. మరి రజితకెవలు నేర్పిన్రు? నువ్వే నేర్పినవు గదా?"

"రేపు పొద్దుగాల విడుదల భారతీ. హైస్కూలు గ్రౌండుల టెంటేస్తున్నరు. మిరుదొడ్డి, తొగుట నుంచి గూడ వస్తమన్నరు మనోళ్లు. ఇయ్యాల గీ పంచాదెందుకు?"

"పంచాది గాదు, అడుగుతున్న. 'సూడే' అన్నకాడ ఇను. ఆడ గొంతు ఇరుగుతది. ఇరిగి మల్ల అతుక్కుంటది. మా అవ్వ గట్లనే ఇరిచేది. అది ఊకె ఇంటె రాదు. పక్కన కూసోవెట్టుకోని నేర్పితె వస్తది. ఎన్ని దినాలు కూసోవెట్టుకున్నవ్?"

"నేనెవల్ని కూసోవెట్టుకోలే."

"జుట్టుకు రంగేసుకున్నవ్. శ్రీనివాసు స్కూటర్ ఎనక కూసోని పొద్దుగాల పోయినోడివి దీపాలు పెట్టేయాల్లకు వచ్చినవ్. అడిగితె రిహార్సలన్నవ్."

"రిహార్సలే. రంగు ఫొటోకు. శ్రీనివాసే ఏసిండు, నేను వద్దన్న."

"మరి నీ పేరేది?"

"నా పేరేంది?"

"ప్రతి పాట ఆఖరుకు నీ పేరు కడుతవు. 'సిద్దిపేట భూపతి చెప్పెనీ మాట' అని. కరువు పాటకు కట్టినవు, పెండ్లి పాటకు కట్టినవు, ఓట్ల పాటకు గూడ కట్టినవు. పేరు కట్టకుంటె నీకు బువ్వ సయించదు. ఈ పాటకు మాత్రం కట్టలే."

"నేను కట్టిన పాట గాదు గదా. పరాయి పాటకు పేరు కట్టుకుంటె దొంగతనమైతది."

"ఎన్నడు లేని నీతి."

"అదేం మాట?"

"పోనీ ఆమె పేరన్న ఉందా అంటె లేదు. 'గానం: భూపతి, బృందం.' ఎవలా బృందం? పాట మొత్తం పాడిన మనిషిని బృందమంటరా? పాడిచ్చుకోని పేరు దాస్తరా?"

"పేరు పెట్టాల్నంటె ఆమె ఒప్పుకోవాలె."

"ఎందుకొప్పుకోదు? పాడి పోయిన పిల్ల అంటివి."

"ఒప్పుకోదు. ఇంట్ల... అంటె ఆమె పద్ధతి గట్ల."

"ఇంట్ల ఏంది? మొగడు కొడుతడా?"

"వాడు కొట్టడు పాపం. ఆమెనే మొగన్ని తిడుతది."

"పెండ్లైందా!"

"నేనేమన్న ఇప్పుడు?"

"కాలేజీ పిల్ల అంటివి, ఇంతట్లనే మొగడొచ్చిండు. ఇంకాసేపైతె మనుమండ్లు గూడ వస్తరు."

"పాలు తెస్త నేను."

"తే. గిన్నె తీస్కపో. పారిపొయ్యేటోడు చేతుల గిన్నె పట్టుకోని పోతె ఎవలు అడుగరు."

"భారతీ, ఒక్క మాట."

"ఏంది?"

"గొంతెట్లుంది?"

"ఎవలిది?"

"ఆమెది. ఇన్నిసార్లు ఇంటివి గదా. ఎట్లుంది?"

"సిగ్గు లేదా నీకు?"

"ఉంది. ఉన్నా అడుగుతున్న. నువ్వు బాగున్నదంటెనే నాకు నమ్మకం."

"పాలు తేపో!"

"పోతున్న, పోతున్న."

"వదినా! ఓ వదినా! ఏమైంది, అన్న గల్లీల ఎదురైండు. 'మల్లేశం, లోపలికి పోకురా' అనుకుంట గిన్నె పట్టుకోని ఉరుకుతుండు."

"రా మల్లేశం. డప్పు ఆడ పెట్టు. కూసో."

"లేదు వదినా, టెంటోళ్ల కాడికి పోవాలె. అన్నను ఒకమాట అడుగుదామని..."

"కూసోమంటున్న గదా. పెండ్లి గాకముందు నుంచి మీ అన్న పక్కన డప్పు కొడుతున్నవు, నా చేతి బువ్వ తింటున్నవు. నాకు అబద్ధం చెప్పవు గదా?"

"నేనెందుకు చెప్త?"

"ఈ పాట పాడిందెవలు?"

"ఏ పాటల?"

"ఇద్దరు ఒక్క తీర్గనే అడుగుతున్నరు. ఇను."

"ఓ... ఇదా. ఇది శ్రీనివాసు లేడా, గిటారు పిల్లగాడు, వాళ్ల మేనత్త."

"మేనత్త."

"ఆ. విమలమ్మ. పెద్దామెనే వదినా, ముసలామె. నువ్వేం రంది పెట్టుకోకు."

"నాకు రందెందుకు? మీ అన్న రజిత అన్నడు. కాలేజీ పిల్ల అన్నడు."

"రజితనా? ఆ... రజిత గూడ ఉంది. ఆమె వేరే పాటల..."

"క్యాసెట్ మొత్తానికి ఒక్కతే ఆడది ఉంది మల్లేశం."

"అయితె రజితను తీసేసిన్రేమో."

"నాకు నవ్వస్తలేదు. ఈ విమలమ్మ స్టూడియోల పాడిందా?"

"స్టూడియోలనే. గ్లాసు గదిల. ఏసీల."

"మరి ఎనక గీ సప్పుడేంది? డ్రమ్ము ఆగినకాడ ఇను."

"ఏసీ మిషను వదినా."

"ఏసీ మిషను కొంగ లెక్క కూస్తదా?"

"పట్నంల మిషన్లు..."

"నీళ్ల సప్పుడు? బురదల నుంచి కాలు గుంజితె వచ్చే సప్పుడు? అది గూడ మిషనేనా?"

"కరెంటు గిటారు వదినా అది. ఏ సప్పుడంటె ఆ సప్పుడు తీస్తడు శ్రీనివాసు. మొన్న బర్రె సప్పుడు తీసిండు, మేమందరం ఎనుకకు తిరిగి చూసినం."

"మల్లేశం."

"ఆ."

"ఈ పాటల నువ్వెందుకు లేవు? డప్పు ఇనబడ్తలేదు."

"నాకు అందలే వదినా."

"ఏం అందలే?"

"ఆమె అడుగు. మన పాటలన్ని ముందుకు నడిచినట్టుంటయి గదా. డప్పు జనాన్ని ముందుకు తోలుతది. గామె పాట ఎనుకకు గుంజుతది. నేను కొడుతుంటె అన్న చేతులు పట్టుకున్నడు. 'అరేయ్, ఆమె ఎనుకకు జరుగుతుంది, నువ్వు ముందుకు ఉరుకుతున్నవు, నారు తొక్కుతవురా' అన్నడు. డ్రమ్ములాయన గూడ రెండు దినాలు తిప్పలు పడ్డడు. ఆఖరికి ఆమె కాలు లేపి ఏసినంకనే దెబ్బ పడేటట్టు..."

"నారు తొక్కుతవన్నడా?"

"అది... మాట వరుసకు."

"గ్లాసు గదిల కాలు లేపి ఏసుడేంది? నారేంది?"

"నేను పోత వదినా. టెంటోళ్లు..."

"కూసో. డ్రమ్ము ఆమె కోసం ఆగుతుంది. నేను పొద్దుగాల్టి సంది ఇనేది గదే. 'జరిగేటి' అన్నంక ఆమె ఊపిరి తీసుకుంటది. అప్పటిదాక డ్రమ్ము ఆగుతది, గిటారు ఆగుతది, అందరు నోరు మూస్కోని ఆమె కోసం నిలవడుతరు. నేను మీ అన్న ఎనక వంత పాడుకుంట ఎన్ని ఊర్లు తిరిగిన మల్లేశం?"

"శాన తిరిగినవు వదినా."

"ఎన్నడన్న ఆగిండా నాకోసం? నేను ఊపిరి తీసుకునేలోపల పై మాట అందుకునేటోడు. మిగిలిన ముక్క నేను మింగేది. జనం మీ అన్న దిక్కు చూసేటోళ్లు గనుక ఎవలకు తెల్వకపొయ్యేది."

"అప్పుడు అన్నకు గట్ల తెల్వదు వదినా. ఉరుకులాటనే పాట అనుకునేది."

"ఇప్పుడు తెలిసింది. ఇంకొకామె కాడ తెలిసింది."

"గట్ల గాదు..."

"ఎట్ల? మొదటి క్యాసెట్ నాడు పట్నంల నువ్వు గూడ ఉంటివి. గ్లాసెనక కూసున్నాయన నా గొంతు ఇని ఏమన్నడు? యాదికుందా?"

"పాతయి ఎందుకు వదినా."

"యాదికుందా లేదా?"

"ఉంది."

"'ఆమెది గరుకు గొంతు, మైకుకు పనికిరాదు, ఇంకెవలన్న ఉన్నరా' అన్నడు. మీ అన్న ఏమన్నడు?"

"ఏమనలే."

"ఏమనలే. నేను బయట మెట్ల మీద కూసున్న. నా జాగల ఇంకొకామె వంత పాడింది, టేపుల నా గొంతు నేనియ్యాల్టికీ ఇనలే. ఆ అద్దం తలుపు తీసినప్పుడల్ల రవ్వంత పాట బయటికొచ్చేది, మల్ల మూసుకునేది. ఇంటికొచ్చినంక మీ అన్నతోని ఒట్టు పెట్టిచ్చుకున్న, నన్ను ఇంకెన్నడు మైకు ముందట నిలవెట్టొద్దని. పన్నెండేండ్లు నిలవెట్టుకున్నడు. ఒక్కనాడు గూడ అడుగలే, బంగారు మనిషి."

"పాడుతనే ఉంటవు గద వదినా, మీ అన్నోళ్ల పొలంల నాట్లకు పోయినప్పుడు..."

"నాట్లల్ల పాడుడు పాడుడా? అది పని. వంగితె నడుము నొస్తది, నోరూకుంటె ఇంకింత నొస్తది. గందుకు పాడుతరు ఆడోళ్లు. దాన్ని ఎవలు పాట అనరు."

"అగో, అన్న వచ్చిండు. అన్నా, నేను పోత."

"పోనియ్యి భారతీ వాన్ని. టెంటు పని ఉంది."

"ఎవలు కదలొద్దు. గిన్నె ఆడ పెట్టు. విమలమ్మ మంచిగున్నదా?"

"ఏ విమలమ్మ?"

"శ్రీనివాసు మేనత్త."

"శ్రీనివాసుకు మేనత్తెక్కడిది?"

"అన్నా, నేను... నువ్వేం చెప్పినవో నాకేమెరుక? ముందుగాల్నే అనుకుంటె అయిపొయ్యేది."

"నోరు మూయ్‌రా మల్లేశం."

"రజిత పోయింది. విమలమ్మ పోయింది. ఇప్పుడు అసలామె సంగతి చెప్పు. ఏ పొలంల పాడింది?"

"పొలమేంది?"

"కొంగలు కూస్తున్నయి, బురద ఇనబడుతుంది, నారు తొక్కుతవురా అన్నవంట వీన్ని. పట్నం స్టూడియోల నారు పోసిన్రా?"

"మల్లేశం!"

"నోరు జారిందన్నా."

"ఏ పొలం? ఏ ఊరు? ఊరన్న చెప్పు."

"మిరుదొడ్డి."

"ఏంది?"

"మిరుదొడ్డిల పాడింది. శ్రీనివాసు గెట్టెనక టేపు పట్టుకోని కూసున్నడు. గంతే. గిటారు, డ్రమ్ములు తర్వాత పట్నంల కలిపినం."

"మా ఊర్లనా? మా అవ్వగారి ఊర్లనా?"

"మీ ఊర్లనే."

"మా అన్నకు ఎరుకనా?"

"ఎరుకనే."

"మా వదినెకు?"

"శ్రీనివాసుకు ఆమెనే చాయ్ పంపింది."

"అందరికి ఎరుకనే. ఊరంత ఎరుకనే. నేనొక్కదాన్నే పిచ్చిదాన్నయిన. అందుకేనా మా అవ్వ పాట వచ్చింది ఆమెకు. మా అవ్వతోటి నాటిన ఆడోళ్లు ఎవలున్నరింక? అంజవ్వనా?"

"గాదు."

"గాదులే. అంజవ్వ పాడితె బర్రెలు తాళ్లు తెంపుకుంటయి. రాజవ్వనా?"

"గాదు."

"రాజవ్వ గాకపోతె ఆమె కోడలు. దానికి సోకులెక్కువ."

"వదినా, వాళ్లను వీళ్లను అనకు, పాపం తగులుతది."

"నువ్వూకో మల్లేశం. మీ అన్నకు తగలని పాపం నాకెందుకు తగులుతది? ఎవలో చెప్పు."

"నువ్వు ముందుగాల గొంతెట్లుందో చెప్పు. నేను పేరు చెప్త."

"బేరమా?"

"బేరమే అనుకో. కోపం ఓ పక్కకు పెట్టి చెప్పు. అబద్ధం చెప్తె నాకు తెలుస్తది."

"చెప్పాల్నా? నా నోటితోని చెప్పిచ్చుకోవాల్నా?"

"నీ నోటితోనే."

"అయితె ఇను. ఎండకు కాలిన దుబ్బ మీద వాన పడితె ఎట్లుంటది? గట్లుంది. గొంతు పెద్దగ చెయ్యలే, సన్నగ చెయ్యలే, ఎవలకో ఇనిపియ్యాల్నని పాడలే. పని చేసుకుంట పాడింది. లోపల ఏదో దుఃఖముంది గాని దాన్ని ముందటేసుకోలే. నీ గొంతు గూడ దాని పక్కన అరిచినట్టే ఉంది."

"ఇంకా?"

"ఇంకేంది? గసుంటి గొంతు నాకుంటె ఆనాడు నేను గ్లాసు గదిల నుంచి బయటికొస్తునా? ఆ గ్లాసెనక కూసున్నాయన్నే మెట్ల మీద కూసోవెడుతును. మంచిగుంది. నాకన్న మంచిగుంది. చాలా? కడుపు నిండిందా?"

"నిండింది."

"కండ్లు తుడుసుకుంటున్నవేంది? నేను ఏడ్వాలె, నువ్వేడుస్తవేంది?"

"ఏం లేదు. పాలు పొయ్యి మీద పెడుతునా?"

"పేరు చెప్పు!"

"రేపు చెప్త. స్టేజీ మీద."

"బేరమంటివి!"

"రేపు నువ్వు రా. ముందటి వరుసల కూసో. పాట మోగినంక అందరి ముందట పేరు నేనే చెప్త. అట్ట మీద లేని పేరు మైకుల చెప్త. అప్పుడు నువ్వు నన్నేమన్నా పడుత."

"ఆమె స్టేజీ ఎక్కుతది, నేను కింద కూసోని చప్పట్లు కొట్టాల్నా? ఇప్పుడెందుకు చెప్పవు?"

"ఇప్పుడు చెప్తె పాట తీసెయ్యమంటవు."

"తీసెయ్యాల్సిందే!"

"గందుకే చెప్త లేను. క్యాసెట్లు వచ్చినయి, అట్టలు వచ్చినయి. ఆ పాట పోతె మిగిలిన పాటలు నాకవసరం లేదు భారతీ. గిటారు, డ్రమ్ములు, నల్లద్దాలు, అన్ని గా పాట కోసమే. మిగిలినయన్ని దాని సుట్టు కట్టిన."

"ఇన్నవా మల్లేశం? మీ అన్న మాట ఇన్నవా? క్యాసెట్ మొత్తం ఆమె కోసమంట."

"అన్నా, చెప్పెయ్యరాదే. ఇల్లు ఆగమైతుంది."

"చెప్పొద్దు. ఇగ చెప్పొద్దు నువ్వు. నేనే తెలుసుకుంట. పొద్దుగాల మొదటి బస్సుకు మిరుదొడ్డి పోత, ఇల్లిల్లు తిరిగి అడుగుత. దొరికినంక మా అన్నింట్లనే ఉంట. నీ రాకు పాటలు నువ్వు పాడుకో, నీ బువ్వ నువ్వు వండుకో."

"భారతీ, ఒక్క రాత్రి ఓపిక పట్టు."

"పన్నెండేండ్లు పట్టిన. ఆ సంచి ఇటియ్యి మల్లేశం."

"వదినా..."

"ఉండు. మిరుదొడ్డి దాక ఎందుకు? ఊరంత ఎరుకున్న ముచ్చట ఈడ ఎవలకన్న ఎరుకుంటది. తలుపు బార్ల తియ్యి. కిటికీ గూడ. సప్పుడు పెంచుత. వాడకట్టంత ఇననీ. ఎవలో ఒకలు గుర్తువడుతరు."

"వద్దు వదినా, దింపు. అన్నా, నువ్వన్న చెప్పు."

"పెంచనియ్యి మల్లేశం."

"ఆమె పరువు పోతదని భయమైతుందా మీకు? పోనీ. అగో, గాజుల సాయవ్వ వస్తుంది. నిలవడు, ఈమె చెప్తది. మిరుదొడ్డి, తొగుట, చంద్లాపూర్, అన్నిట్ల ఇల్లిల్లు తిరిగి గాజులేస్తది. గాజులేసుకుంట ఆడోళ్లు పాడంగ, ఏడ్వంగ, మొగన్ని తిట్టంగ, అన్ని ఇన్న మనిషి. ఆమెకు తెల్వని గొంతు ఉండదు. సాయవ్వా! ఓ సాయవ్వా! ఇటు రావే!"

"నేనే వస్తున్న అక్కా, మూల మలుపు కాడికెల్లి నేనే ఉరికొస్తున్న. ఓయమ్మ, ఆయాసమొచ్చింది. అన్న గూడ ఉన్నడు, మల్లేశం గూడ ఉన్నడు. ఏంది విశేషం?"

"గంప దించు. నీళ్లు తాగుతవా?"

"తర్వాత తాగుత. ఏంది అక్కా, మొకం గట్లున్నదేంది?"

"ఒక పని చెయ్యి. ఈ పాట ఇను. మిరుదొడ్డి ఆడామె పాడింది. ఎవలో పేరు చెప్పు, చాలు. నాకు ఇంకేం వద్దు."

"ఇదా?"

"ఇదే. మీ అన్న దిక్కు చూడకు, ఆయన సైగ చేస్తడు. పాట దిక్కు ఇను."

"నేను సైగ చేస్త లేను భారతీ."

"నువ్వు మాట్లాడకు. ఇన్నవా సాయవ్వా? 'సూడే' అన్నకాడ గొంతు ఇరుగుతది చూడు. గది మా అవ్వ ఇరుపు. ఎవతి ఎత్కపోయిందో చెప్పు. ఎరుకనే గదా నీకు? నీ మొకం చూస్తెనే తెలుస్తుంది. చెప్పు. నేనేమనుకోను."

"అక్కా, పరాచికాలాడుతున్నవా?"

"నా బతుకు పోతుంటె పరాచికాలా? నవ్వుతవేందే?"

"నవ్వక ఏం జెయ్యనక్కా? మా భారతక్క ఇన్నేండ్లకు మల్ల మైకుల పాడుతుంది, గొంతు ఏమన్న మారిందా, ఆ మిరుదొడ్డి నాట్లల్ల ఎట్లుంటదో గట్లనే ఉంది అనుకోని గంప నెత్తిన పెట్టుకోని ఉరికొస్తి. తీరా వచ్చి చూస్తె నీ నోరేమో మూసుకోనుంది, నీ గొంతేమో ఆ డబ్బల నుంచి వస్తుంది!"